వడదెబ్బకు ముందే పొరుగువాని తలుపు తడదాం

శ్రమల దినాలు వచ్చాయంటే మన కడప జిల్లాలో ఎండలు కూడా వచ్చినట్టే. కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఉదయం పది దాటితే వీధిలో మనిషి కనిపించడు. పాపాఘ్ని ఇసుక మీద కాలు పెట్టలేము. పగలంతా కాలిన నాపరాళ్ళు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి. ఈ ఎండలు మనకు కొత్త కాదు. ఆ అలవాటే మనల్ని అజాగ్రత్తపరులను చేస్తున్నదేమో అని ఈ వారం సంఘాలకు నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము.

రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో షూనేమీయురాలి కుమారుని సంగతి మనందరికీ తెలుసు. కోతకాలంలో ఆ పిల్లవాడు పొలంలో ఉన్న తండ్రి దగ్గరకు వెళ్ళాడు. తల నొప్పి అన్నాడు. తండ్రి పనివానితో తల్లి దగ్గరకు పంపించాడు. మధ్యాహ్నం దాకా తల్లి ఒడిలో ఉండి చనిపోయాడు. అది ఎండదెబ్బే అయివుంటుందని చాలామంది బైబిలు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఎలీషా ద్వారా దేవుడు ఆ బిడ్డను తిరిగి లేపాడని మనం తరచుగా ప్రసంగిస్తాము. అయితే తలనొప్పితో మొదలై కొన్ని గంటల్లోనే ప్రాణం పోయిన ఆ తీరును కూడా గమనించాలి. వడదెబ్బ ఈనాటికీ అలాగే వస్తుంది.

మన ఒళ్ళు చెమట ద్వారా చల్లబడుతుంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోతే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, కాళ్ళ పిక్కలు పట్టడం కనిపిస్తాయి. ఇప్పుడే నీడకు చేర్చి నీళ్ళు, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. ఇస్తే మనిషి కోలుకుంటాడు. నిర్లక్ష్యం చేస్తే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, సంబంధం లేని మాటలు మాట్లాడి, స్పృహ తప్పుతాడు. అది వడదెబ్బ. అప్పుడు చేయవలసినవి మూడు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డ పెట్టి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే చాలు. రాగి అంబలి, పలుచని మజ్జిగ మన పెద్దలు మనకిచ్చిన మంచి మందులు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో, షుగరు ఉన్నవారు ఏది తాగాలో డాక్టరును అడగాలి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని తీసేస్తాయి. వాటిని సొంతంగా మానవద్దు గాని, వేసవికి ముందే ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఇక్కడ సంఘ కాపరులకు ఒక మనవి. మంచి శుక్రవారం ఏడు మాటల ఆరాధన సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు దాకా జరుగుతుంది. మన పల్లెల్లో చాలా మందిరాలు రేకుల షెడ్లే. ఉపవాసంతో, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మన జేజిలు, అబ్బలు ఆ రేకుల కింద మూడు గంటలు కూర్చుంటారు. వారి భక్తిని మేము తక్కువ చేయడం లేదు. కాని ముసలి వయసులో దాహం కూడా సరిగా తెలియదు. కుండ నీళ్ళు మందిరం లోపలే పెట్టించండి. నీళ్ళు తాగితే ఉపవాసం చెడదని పుల్పిటు మీద నుండి మీరే చెప్పండి. మీరు చెబితేనే వాళ్ళు తాగుతారు. వీలైతే ఆరాధనను పొద్దున్నే పెట్టుకోండి. బోయజు తన పొలంలో రూతుకు దాహమైతే పనివారు చేదిన నీళ్ళు తాగమని చెప్పాడు. కష్టపడేవారికి నీళ్ళు అందించడం మన విశ్వాసంలో మొదటినుండి ఉన్నదే. మందిరం గేటు ముందు ఒక చలివేంద్రం పెట్టడానికి కమిటీ తీర్మానం అవసరమా?

వేసవిలో ఆరుబయట పడుకోవడం మనకు అలవాటు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. కాబట్టి మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకోవాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం పెట్టించడం ప్రాణాంతకం. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడే దొరుకుతుంది. మంత్రగాని దగ్గరకు వెళ్ళవద్దని మనం చెబుతాము, మంచిదే. కాని కొన్నిచోట్ల ప్రార్థన పేరుతో రోగిని ఇంట్లోనే ఉంచుతున్నారు. ఇది విశ్వాసం కాదు. ఆసుపత్రికి పోయే బండిలో కూర్చుని కూడా ప్రార్థన చేయవచ్చు. లండన్ మిషను వారు జమ్మలమడుగులో గుడితోపాటు ఆసుపత్రిని కూడా కట్టించారని మరువకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన, పిడుగులు వస్తాయి. గొర్లకాపరులు, పొలంలో ఉన్నవారు చింతచెట్టు, వేపచెట్టు కింద నిలబడరాదు. ఉరుము వినిపిస్తే పక్కా కప్పు కిందికి చేరాలి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఫోనులో దామిని యాప్ ఉంటే దగ్గరలో పిడుగు పడే సూచన ముందే తెలుస్తుంది. ఇక అక్టోబరు నుండి డిసెంబరు దాకా వాగుల భయం. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజుల్లోనే మన కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. పారుతున్న వాగును బండితో దాటే సాహసం ఎవరూ చేయవద్దు.

మన సంఘాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు కూడా ఉన్నారు. సరిహద్దులో మంచును, ఎడారిని చూసినవారు ఈ ఎండ మమ్మల్నేం చేస్తుందిలే అంటారు. పిల్లలు బెంగళూరులోనో గల్ఫులోనో ఉంటారు. ఇంట్లో ముసలివాళ్ళిద్దరే, కొన్నిచోట్ల ఒక్కరే. సాయం అడగడం వారికి నామోషీ. సిరియా సేనాధిపతి నయమాను కూడా మొదట కోపగించుకుని వెళ్ళిపోయాడు. దగ్గరి మనుషులు మెల్లగా నచ్చచెబితేనే యొర్దానులో దిగాడు. మన పెద్దలకు కూడా అలా నచ్చచెప్పే మనిషి కావాలి.

వారికున్న సదుపాయాలు తెలుసుకుందాం. కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. పింఛను లేని, 65 ఏళ్ళు దాటిన, హవల్దారు హోదా వరకు పనిచేసిన మాజీ సైనికులకూ వారి విధవలకూ కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే నెలసరి సాయానికి అక్కడినుండే దరఖాస్తు చేయాలి. పింఛనుదారులకు 2003 నుండి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఉంది. అత్యవసరంలో పథకంలో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్కుకు తెలియజేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక బిల్లు చేతినుండి కట్టుకునే ప్రమాదం ఉంది. స్పర్శ్ ద్వారా పింఛను తీసుకునేవారు ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఫోను చేతకాని పెద్దలకు యౌవనస్థులు పక్కన కూర్చుని చేసిపెట్టవచ్చు.

అందరికీ పనికొచ్చే నంబర్లు ఇవి. అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112, వైద్య సలహాకు 104, విపత్తుల సంస్థకు 1070, వృద్ధుల సహాయానికి 14567, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416. వీటిని పెద్ద అక్షరాలతో రాసి మందిరం గోడకు అంటించండి.

చివరిగా ఒక చిన్న పరిచర్యను సంఘాల ముందు పెడుతున్నాము. ఒంటరిగా ఉండే పెద్దల పేర్లు రాసుకోండి. ఒక్కో పేరును ఒక్కో కుటుంబానికి అప్పగించండి. ఏప్రిల్ మొదలు జూన్ దాకా ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి, "తాతా, నీళ్ళు తాగినావా? మందులు వేసుకున్నావా?" అని అడగండి. ఆ పేర్లలో మన సంఘం కానివారు కూడా ఉండాలి. దీనికి చందా అక్కరలేదు, మైకు అక్కరలేదు. షూనేమీయురాలు బిడ్డ కోసం గాడిదకు గంత కట్టించుకుని కర్మెలు కొండ దాకా పరుగెత్తింది. మనం నాలుగిళ్ళ అవతలికి నడిస్తే చాలు. ఈ వేసవిలో ఏ సంఘంలోనూ ఏ పెద్ద ప్రాణమూ మనకు తెలియకుండా, తలుపు వెనుక పోకుండునట్లు దేవుడు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.