పెట్రోలు బంకుల ఆవరణలో కలుషిత మట్టి: పరిశీలన, తరలింపు

పెట్రోలు బంకులో పాత భూగర్భ ట్యాంకును తీసి కొత్తది అమర్చే సమయంలో గుంతలోని మట్టి నల్లబడి ఘాటైన వాసన వేయడం కొన్ని సందర్భాలలో కనిపిస్తుంది. పైమట్టి కొంత తీసివేసి, ఇసుక నింపి, కాంక్రీటు వేస్తే పని ముగిసినట్లు భావించడం సరికాదు. ట్యాంకు అడుగున ఉన్న నేలను నేరుగా పరీక్షించే అవకాశం మళ్లీ ఎన్నో ఏళ్లకు గాని రాదు. గుంత తెరిచి ఉన్న ఆ కొద్ది రోజులే పరిశీలనకు అనువైనవి, ఖర్చు తక్కువైనవి.

బీఎస్-6 ప్రమాణాల ప్రకారం పెట్రోలులో బెంజీను పరిమాణరీత్యా 1 శాతం వరకు ఉండవచ్చు. ఇది మానవులలో క్యాన్సరు కారకమని నిర్ధారణ అయిన రసాయనం. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ లెక్కన ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను అంతా నీటిలో కలిసినట్లయితే సుమారు 8.8 లక్షల లీటర్ల నీరు ఆ పరిమితికి చేరుతుంది. వాస్తవానికి కొంత ఆవిరైపోతుంది, కొంత సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అయినప్పటికీ ఇరుగుపొరుగు బోరుబావులకు ముప్పు ఎంతటిదో ఈ లెక్క తెలియజేస్తుంది. అమెరికాలోని శాంటా మోనికా నగరం పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం భూగర్భ జలంలో చేరిన కారణంగా 1996లో తన ప్రధాన బావులను మూసివేయవలసి వచ్చింది. నగర నీటి సరఫరాలో దాదాపు సగం ఆ బావుల నుంచే అందేది.

లీకేజీకి తొలి ఆధారం బంకు రికార్డులలోనే లభిస్తుంది. ప్రతిదినం డిప్ రాడ్‌తో తీసిన కొలతకు, అమ్మకాల లెక్కకు మధ్య తేడా ఒకే వైపు కొనసాగుతున్నట్లయితే అనుమానించవలసిందే. ఉష్ణోగ్రతను బట్టి ఇంధనం పరిమాణం మారుతుంది గనుక ఒకటి రెండు రోజుల తేడాను బట్టి నిర్ణయానికి రాకూడదు. నెలల తరబడి లెక్కలను పరిశీలించాలి. లోపం ట్యాంకు గోడలోనే ఉండనక్కరలేదు. పైపుల అతుకులు, ట్యాంకరు నుంచి ఇంధనం నింపే చోటు, పంపుల అడుగుభాగం కూడా పరీక్షించవలసిన స్థానాలే.

మట్టి నమూనాల సేకరణలో జరిగే పొరపాట్లు ఫలితాన్ని పూర్తిగా తారుమారు చేస్తాయి. ప్లాస్టిక్ సంచిలో వేసి ఎండలో ఉంచిన మట్టి నుంచి బెంజీను ఆవిరైపోతుంది. అప్పుడు ప్రయోగశాల నివేదిక నేల శుభ్రమని చెప్పినా దానికి విలువ ఉండదు. గాజు సీసాను ఖాళీ లేకుండా నింపి, బిగుతుగా మూసి, మంచులో ఉంచి సత్వరం పంపవలసి ఉంటుంది. ట్యాంకు రెండు చివరల కింద, గుంత గోడల నుంచి, వాసన లేనిచోట కూడా నమూనాలు తీయాలి. కలుషితం ఎక్కడ ఆగిందో తెలిసేది శుభ్రమైన నమూనా వల్లనే.

భూగర్భ జలం ఏ దిక్కుకు ప్రవహిస్తున్నదో తెలుసుకోవడానికి త్రిభుజాకారంలో కనీసం మూడు పరిశీలనా బావులు అవసరం. కృష్ణా, గోదావరి డెల్టాలలో నీరు తక్కువ లోతులోనే ఉండటం వల్ల ఇంధనం త్వరగా నీటిని చేరి, తేలికైనది కనుక పైన తేలుతుంది. తెలంగాణ, రాయలసీమలలోని గ్రానైటు ప్రాంతాలలో పరిస్థితి వేరు. అక్కడ నీరు రాతి పగుళ్ల వెంట సాగుతుంది. పక్కనున్న బోరుకు ఏమీ కాకుండా, దూరంగా జోరుగా నీరు తోడే బోరుకు కలుషితం చేరవచ్చు. అందువల్ల అక్కడ మూడు బావులతో సరిపెట్టుకోక, చుట్టుపక్కల బోర్లనన్నింటినీ పరీక్షించడం మేలు.

తవ్వకం పనిలో కూలీల భద్రత ప్రధానం. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కావడంతో గుంత అడుగున పేరుకుంటుంది. గాలిలో అది సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ చాలు. పరికరంతో ఆవిరి కొలవకుండా ఎవరినీ గుంతలోకి దింపరాదు.

తవ్విన మట్టిని రోడ్డు పనులకో, పల్లపు స్థలాలు పూడ్చడానికో ఇచ్చివేయడం తీవ్రమైన తప్పిదం. కలుషితం ఆ లారీతోపాటు మరోచోటికి చేరుతుంది. తీసిన మట్టిని నీరు ఇంకని పట్టాపై పోసి, వాన తగలకుండా కప్పి ఉంచాలి. పరీక్షలో ప్రమాదకర వ్యర్థమని తేలితే 2016 నాటి నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం నిల్వకు సాధారణ గడువు 90 రోజులు. తరలింపునకు ఫారం-10 మానిఫెస్టు ఉండాలి. ఇటువంటి వ్యర్థాల కోసం తెలంగాణలో దుండిగల్ వద్ద, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ వద్ద శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. మట్టినంతా తరలించడం ఒక్కటే మార్గం కాదు. పెట్రోలు కలిసిన ఇసుక నేలలో ఆవిరిని పంపుతో లాగివేసే పద్ధతి బాగా పనిచేస్తుంది. సులభంగా ఆవిరి కాని డీజిలుకు సూక్ష్మజీవులతో శుద్ధి అనువైనది. బంకమట్టిలో గాలి ఆడదు కనుక తవ్వి తీయడమే తరచు మిగిలే మార్గం.

జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాల దరిమిలా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలు జారీచేసింది. పాఠశాలలు, 10 పడకలు, అంతకు మించిన ఆసుపత్రులు, నివాస ప్రాంతాల నుంచి 50 మీటర్ల దూరం పాటించాలని, స్థలాభావం ఉన్నచోట కూడా అది 30 మీటర్లకు తగ్గరాదని వాటిలో పేర్కొన్నారు. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జూలైలో ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అనుమానిత స్థలాల సమాచారాన్ని జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి పంపవలసి ఉంటుంది. జిల్లా అధికారులకు బంకుల నుంచి ఫిర్యాదులు రావడం అరుదు. పొరుగు ఇంటి బోరునీటిలో కిరోసిన్ వాసన వస్తున్నదన్న ఫిర్యాదే తొలి సమాచారం కావచ్చు.

మట్టి తొలగించిన తరువాత గుంత అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి మళ్లీ నమూనాలు తీసి, ఫలితాలు వచ్చిన పిమ్మటే పూడ్చాలి. వానాకాలంలో నీటిమట్టం పెరిగినప్పుడు మట్టిలో మిగిలిన ఇంధనం తిరిగి నీటిలో చేరే అవకాశం ఉన్నందున, పరిశీలనా బావులలోని నీటిని వర్షాలకు ముందు, తరువాత పరీక్షించడం కొనసాగించవలసి ఉంటుంది.