ఇంజను ఎప్పుడు కాగుతోంది?

1998 మే నెల. మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం పరీక్షలు రాసి, సెలవులకి ఇంటికి వచ్చాను. మా మావయ్యకి ఒక పాత పెట్రోలు అంబాసిడర్ వుండేది. అది ఆయనకి షోకు కాదు, జీవనాధారం. విశాఖపట్నంలో బేరం ఎక్కించుకుని, అరకు చూపించి, రాత్రికి దింపేవాడు. ఆ వేసవిలో బండికొక జబ్బు పట్టుకుంది. శృంగవరపుకోట దాకా చక్కగా పోయేది. అక్కడినుంచి అనంతగిరి ఘాటు ఎక్కుతూ నాలుగు మలుపులు తిరిగేసరికి ముల్లు ఎర్ర గీత దాటేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చేది.

అప్పటికే ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకాయన థర్మోస్టాట్ పీకేసి, “మన ఎండలకి ఇది దండగ” అన్నాడు. ఇంకొకాయన వాటర్ పంపు మార్చాడు. మూడో ఆయన రేడియేటర్ విప్పి, లోపల పూడిక తీయించి కడిగించాడు. డబ్బు పోయింది గాని జబ్బు పోలేదు. సీజను బేరాలు చెయ్యి జారిపోతున్నాయి. ఒకరోజు భోజనాల దగ్గర మావయ్య, “ఒరేయ్, మూడేళ్లుగా ఇంజన్ల గురించే కదురా చదువుతున్నావు. దీని సంగతేమిటో చెప్పు. లేకపోతే నెలాఖరుకి అమ్మేస్తాను” అన్నాడు.

ఓటో సైకిలు సామర్థ్యానికి సూత్రం మొదటినుంచి చివరిదాకా రాబట్టడం నాకు వచ్చు. మావయ్య ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. అన్నం కలుపుకుంటూ తల వంచుకున్నాను.

వేడి ఎంత?

ముందు లెక్క చూద్దాం. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. అందులో బండిని నడిపే పనికి వచ్చేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. ఇంకో మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుంది. దాదాపు అంతే భాగం ఇంజను గోడలకి తగిలి నీటిలోకి దిగుతుంది. ఈ చివరి భాగంతో 30 డిగ్రీల నీళ్లు 36 లీటర్లు మరిగే దాకా కాచవచ్చు! అంటే లీటరుకి పది కిలోమీటర్లు నడిచే బండి, ప్రతి పది కిలోమీటర్లకీ రెండు బిందెల నీళ్లు మరిగించేటంత వేడిని గాలిలోకి పారబోయాలి. ఘాటు ఎక్కేటప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి వేడి మరీ ఎక్కువ.

సిలిండరులో మంట 2000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా అల్యూమినియం పిస్టను ఆ మంట పక్కనే క్షేమంగా ఆడుతోందంటే, అది ముఖ్యంగా నీటి చలవే, కొంత ఆయిలు చలవ.

నీటి ప్రయాణం

పంపు నీటిని సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపలా తిప్పుతుంది. పైన థర్మోస్టాట్ కాపలా వుంటుంది. దానిలో మైనం గుళిక వుంటుంది. చాలా బండ్లలో నీరు 80–90 డిగ్రీల మధ్యకి వచ్చినప్పుడు మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. నీరు పై గొట్టం గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, సన్నని గొట్టాల్లో చల్లబడి, కింది గొట్టం గుండా తిరిగి పంపు చేరుతుంది. గాలి తోలడానికి ఫ్యాను వుంటుంది. అంబాసిడర్‌లో అది బెల్టుతో తిరిగేది. ఇప్పటి కార్లలో చాలావాటికి కరెంటు మోటారుతో తిరుగుతుంది.

రేడియేటర్ మూతని తక్కువ అంచనా వేయకూడదు. అది ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి నిలబెట్టే మూత వుంటే నీరు 100కి బదులు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రబ్బరు వాషరు పాడైతే ఈ లాభం పోతుంది. పైగా అరకులాంటి 900 మీటర్ల ఎత్తులో మామూలు నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్లో పోసే కూలెంటు మరిగే డిగ్రీని పెంచుతుంది, తుప్పునీ ఆపుతుంది. అందుకే రోజూ కుళాయి నీళ్లు పోయడం పొదుపు కాదు. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది.

ఇవన్నీ పుస్తకంలో వున్నవే. కాని ఎక్కడ తప్పిందో పుస్తకం చెప్పదు.

మేస్త్రి ప్రశ్న

శృంగవరపుకోటలో రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక ముసలి మేస్త్రి వుండేవాడు. చివరి ప్రయత్నంగా అక్కడ ఆపాం. “బండి కాగిపోతోంది మేస్త్రీ” అన్నాడు మావయ్య.

“కాగుతోందంటే సరిపోదు బాబూ. ఎప్పుడు కాగుతోంది?”

ముగ్గురు మెకానిక్కుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. నాకు తట్టని ప్రశ్న కూడా. జ్వరం రోగం కాదు, రోగ లక్షణం. ఏ వేళకి వస్తోందో తెలిస్తే వైద్యుడికి సగం పని అయినట్టే. ఇంజను సంగతీ అంతే.

ట్రాఫిక్కులో నిలబడితే కాగుతూ, రోడ్డెక్కి వేగం అందుకోగానే చల్లబడితే లోపం చాలాసార్లు గాలిది. బండి కదిలితే గాలి దానంతట అదే వస్తుంది. నిలబడినప్పుడు ఫ్యానే దిక్కు. బెల్టు వదులైందా, కరెంటు ఫ్యానైతే ఫ్యూజు, రిలే, స్విచ్చి బాగున్నాయా అన్నది చూడాలి.

నిలబడినప్పుడు బాగుండి, వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో కాగితే నీటి ప్రవాహం చాలడం లేదన్న మాట. రేడియేటర్ పూడిపోయి వుండాలి, లేదా పంపు రెక్కలు అరిగి వుండాలి, లేదా గొట్టం ఎక్కడో నొక్కుకుపోతూ వుండాలి.

చల్లని ఇంజను స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే కాగి, పై గొట్టం మాత్రం చల్లగా వుంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని అనుమానించాలి. దాన్ని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. పక్కన థర్మామీటరు వుంచండి. దాని మీద ముద్రించిన డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి. లేకపోతే మార్చడమే.

నీళ్లు మాటిమాటికీ తగ్గుతుంటే ఎటు పోతున్నాయో వెతకాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే బయటి కారుడు తెల్లవారేసరికి తెలుస్తుంది. బయట చుక్క లేకుండా తగ్గితే సంగతి గంభీరం. ఆయిలు గేజీ పుల్లకి పాలు కలిసిన కాఫీ రంగు జిగురు కనిపించినా, ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోయినా, చల్లని ఇంజను మూత తీసి స్టార్టు చేస్తే నీటిలో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడిక బండి నడపకూడదు.

ఇంకో హెచ్చరిక. ముల్లునీ గుడ్డిగా నమ్మకూడదు. నీళ్లు పూర్తిగా పోతే సెన్సారుకి తగలడానికి నీరే వుండదు. ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందనే వుండవచ్చు.

దొంగ దొరికాడు

మావయ్య చెప్పింది విని మేస్త్రి, “మిట్ట ఎక్కితేనే కదా? అయితే నీటిదే” అన్నాడు. పంపు కొత్తది, రేడియేటర్ కడిగినది. ఇక మిగిలింది గొట్టాలు. బానెట్ ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టించి, నన్ను లోపల కూర్చోబెట్టి ఆక్సిలేటరు తొక్కమన్నాడు. మావయ్య కేక పెట్టాడు. దిగి చూశాను. ఆయన తొక్కుతుంటే కింది గొట్టం బొద్దుగా వున్నదల్లా అప్పడంలా అతుక్కుపోయింది. వదిలితే మళ్లీ బొద్దుగా అయింది.

కింది గొట్టంలోంచి పంపు నీటిని పీల్చుకుంటుంది. ఏళ్లు మీరి, ఆయిలు తగిలి మెత్తబడిన ఆ రబ్బరు, ఇంజను జోరందుకుని పీల్పు ఎక్కువయ్యేసరికి ముడుచుకుపోతోంది. నీరు ఎక్కువ కావలసినప్పుడే దారి మూసుకుపోతోంది! ముందు చూసిన వాళ్లందరూ ఇంజను ఆపి చూశారు. ఆపిన ఇంజనులో ఆ గొట్టం నిర్దోషి. గట్టి గొట్టం వేయించాం. పీకేసిన థర్మోస్టాట్‌ని కూడా మేస్త్రి మళ్లీ పెట్టించాడు. అది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగా నడిచి అరుగుదలా, పెట్రోలు ఖర్చూ పెరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌కి వెళ్లకుండా అడ్డదారిన తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది కూడా.

దారిలో కాగితే

ముల్లు ఎర్ర గీత దగ్గరకి వస్తే ఏసీ ఆపండి. హీటరు వుంటే పూర్తిగా తిప్పండి. మీకు ఉక్కపోస్తుంది గాని ఇంజను వేడి కొంత బయటికి పోతుంది. తగ్గకపోతే పక్కకి తీసి ఆపండి. “ఇంకో రెండు కిలోమీటర్లే కదా” అనుకున్న వాళ్లే హెడ్ వంకరపోయి వేలకి వేలు వదిలించుకునేది.

వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపలి నీరు 100 డిగ్రీలు దాటి వున్నా ఒత్తిడి వల్ల మరగకుండా వుంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడుతుంది. మావయ్య కుడి ముంజేతి మీద ఆ వేసవి మచ్చ చివరిదాకా పోలేదు. కనీసం అరగంట ఆగండి. గొట్టం చేత్తో పట్టుకోగలిగేటంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొంచెం తిప్పి, ఒత్తిడి పోనిచ్చి అప్పుడు తీయండి. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుము పగలవచ్చు. చల్లారాక కొంచెం కొంచెంగా పోయాలి.

ఆ సాయంత్రం ఘాటు ఎక్కాం. ముల్లు మధ్య గీత దాటలేదు. మావయ్య బండి అమ్మలేదు. దానితోనే ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. ఇప్పటి కార్లలో కంప్యూటరు తప్పుని కోడు రూపంలో చూపిస్తుంది. అయితే చాలాసార్లు అదీ “వేడెక్కింది” అనే చెబుతుంది గాని, ఎందుకో చెప్పదు. ఆ కోడు చూసి భాగం తర్వాత భాగం మార్చే వాళ్లు ఇప్పటికీ వున్నారు.

ఆ సెలవుల తర్వాత కాలేజీకి తిరిగి వచ్చి, ప్రయోగశాలలో రీడింగు తప్పు వచ్చినప్పుడు పరికరం మార్చమని అడగడం మానేశాను. ముందు, ఎప్పుడు తప్పుతోందో చూడడం మొదలుపెట్టాను. ఆ పాఠం నాకు రేకుల షెడ్డులో దొరికింది. ఫీజు కూడా మేస్త్రి గొట్టం ఖరీదుకే సరిపెట్టాడు.