ఏకాంత సముద్రతీరము

1834వ సంవత్సరమునకు పిమ్మట కోరంగి రేవునుండి తెలుగు కూలీలు ఓడలెక్కి చేరిన మారిషసు ద్వీపమును పగడపుదిబ్బ యించుమించుగ నంతటను చుట్టియున్నది. మన పాకాల చెఱువుకట్ట నీటిని నిలిపినట్లు, ఈ దిబ్బ పెద్దయలల నడ్డగించును; లోపలి జలము నిశ్చలముగ నుండును. కావుననే యుత్తరమున గ్రాండ్ బే, పడమట ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ తీరములందు జనసమ్మర్ద మధికము.

ఏకాంతము గోరువారు తూర్పుతీరమునకు పోవచ్చును. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు ఆగ్నేయపుగాలి బలముగ వీచుటచే నచట సందడి తగ్గును. దక్షిణమున సూయాక్ చెంతనున్న గ్రీ-గ్రీ తీరమున ఈతగాండ్రు కానరారు. ఏలయన, అచట దిబ్బకు గండి కలదు. అలలు నేరుగ నొడ్డును మోదును. ఆ తీరము కూర్చుండి చూచుటకే తగినది, ఈదుటకు కాదు.

విద్యార్థులారా! తీరమేల నిర్జనమో స్థానికుల నడిగి తెలిసికొనిన పిమ్మటనే నీట దిగుడు.