మీ ఇంట్లో కుట్టు మిషన్ సింగర్ కాపీనా? తొందరపడి అమ్మేయకండి!

పోయిన నెల మా అమ్మ తొక్కుడు మిషన్‌ని పాత ఇనుముకి వేసేద్దామని నేనే అన్నాను. బాబిన్ కేస్ అరిగిపోయి దారం ఊరికే చిక్కుపడుతోంది. మిషన్ మీదున్న కంపెనీ పేరు గూగుల్లో కొడితే ఏమీ రాలేదు. "డూప్లికేట్ మిషన్ అమ్మా, పార్ట్ దొరకదు" అని తేల్చేశా. అమ్మ ఆ కేస్‌ని పర్సులో వేసుకుని రిపేర్ కొట్టుకి వెళ్లింది. కొట్టాయన కంపెనీ పేరు కూడా అడగలేదట. డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. తెచ్చి పెడితే టక్కున కూర్చుంది.

ఎలా కూర్చుంది? అదే ఇవాళ్టి ఎపిసోడ్.

ఒరిజినల్ పేరు సింగర్ 15. అమెరికా కంపెనీ సింగర్ 1879లో మొదలుపెట్టిన వరస ఇది. కింద గుండ్రటి బాబిన్, దాని చుట్టూ అటూ ఇటూ ఊగే హుక్. సూది కిందికి దిగి కాస్త పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా తెరుచుకుంటుంది. హుక్ దాన్ని పట్టుకుని బాబిన్ మీదుగా తిప్పేస్తుంది. పై దారం, కింది దారం పెనవేసుకుంటాయి. అంతే లాజిక్.

ఇప్పుడు జపాన్ వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఆయుధాలు చేసిన ఫ్యాక్టరీలకి పని లేదు. గార్మెంట్స్‌లో పనిచేసేవాళ్లకి బాగా తెలిసిన జూకీ ఉంది కదా, అది 1938లో రైఫిళ్ల కోసం పుట్టిన కంపెనీ! అలాంటివాళ్లు కుట్టు మిషన్లలోకి దిగారు. సింగర్ 15 పేటెంట్లు ఎప్పుడో ముగిశాయి కాబట్టి డిజైన్ వాడుకోవడం దొంగతనం కాదు. సింగర్ పేరు వేసుకుంటే మాత్రం తప్పు.

నాకు నచ్చింది కాపీ కొట్టడం కాదు, ఆ తర్వాత చేసిన పని. అందరూ ఒకే కొలతలకి కట్టుబడ్డారు. ఆ రకానికి హెచ్‌ఏ-1 అని పేరు. ఒక చిన్న వర్క్‌షాప్ బాబిన్ కేసులే చేస్తుంది, ఇంకొకటి షాఫ్టులే చేస్తుంది, మూడోవాడు బిగిస్తాడు. ఎవరి ముక్కైనా ఎవరి మిషన్‌లోనైనా పడుతుంది. ఫోన్లకి టైప్-సి ఇప్పుడొచ్చింది, వీళ్లు 1940ల్లోనే చేసేశారు.

అవి ఓడలెక్కి సింగర్ సొంత ఊరు అమెరికాకే వెళ్లాయి. అక్కడి వ్యాపారులు తలా ఒక పేరు అంటించి అమ్మారు. డ్రెస్‌మేకర్, మోర్స్, ఇలా వందల పేర్లు. నల్ల సింగర్ల పక్కన కార్లలాగా లేత నీలం, గులాబీ రంగులు! పేర్లు వేరు, లోపల సరుకు దాదాపు ఒకటే.

మన దగ్గర ఉష మిషన్లు 1930ల్లోనే కలకత్తాలో మొదలయ్యాయి (ఉష అంటే కంపెనీ పెట్టినాయన కూతురి పేరు). మన ఇళ్లలో కనిపించే నల్ల మిషన్లలో చాలావాటికి ఈ సింగర్ 15 డిజైనే మూలం. నమ్మకం లేకపోతే సూదుల ప్యాకెట్ చూడండి. 15×1 అని ఉంటుంది, పక్కనే హెచ్‌ఏ×1 అనీ ఉంటుంది. మొదటిది సింగర్ పేరు, రెండోది జపాన్ వాళ్ల పేరు, సూది మాత్రం ఒకటే.

అన్ని కాపీలూ గొప్పవని అనను. కొన్నిట్లో ఇనుము నాసిరకం. బాబిన్‌ని పైనుంచి పడేసే మిషన్ అయితే ఈ కేస్ పట్టదు, అది వేరే డిజైన్. పాత కేస్ చేతిలో పట్టుకునే కొట్టుకి వెళ్లండి. చక్రం బిగుసుకుపోయిందా? చాలాసార్లు అది ఎండిపోయిన నూనె. మిషన్ ఆయిల్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు, గడ్డకడుతుంది. మా మిషన్‌లో అది పోసిన మహానుభావుడిని నేనే.