యాసిడ్, బ్లీచింగ్ కలపకండి!

జగ్గయ్యపేట సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలకి వరమే గానీ, మైలవరంలో మా బోరునీళ్లలో సున్నం గిన్నెలకి తెల్లటి పెచ్చు కట్టిస్తుంది. గిన్నెదైతే చింతపండు పులుపుకే వదిలిపోతుంది. బాత్‌రూమ్ గచ్చు మరకలకే వస్తుంది తంటా. యాసిడ్ పోసి, చాలదన్నట్టు బ్లీచింగ్ పౌడరు కూడా చల్లేవాళ్లున్నారు. వద్దమ్మా!

బ్లీచింగ్ నీళ్లలో క్లోరిన్, కరిగిన రూపానికీ వాయురూపానికీ మధ్య తూకంగా ఉంటుంది. పిల్లల పుస్తకాల్లో దీన్నే సమతాస్థితి అంటారు. యాసిడ్ తగిలిందా, తూకం వాయువు వైపు ఒరిగిపోతుంది. 1915లో బెల్జియంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, ఊపిరాడదు.

పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చేయండి. నీళ్లు పోద్దామని మళ్లీ లోపలికెళ్లకండి. ఇంటి తలుపులు, కిటికీలు తెరవండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి.