గృహ చేపల తొట్టెలో స్పాంజి ఫిల్టరు: ఎంపిక, నిర్వహణ

హైదరాబాదు పాతబస్తీ ఇళ్లకు చేరే నల్లా నీరు గండిపేటదైనా, కృష్ణా జలమైనా, జలమండలి క్లోరిన్ కలిపిన తరువాతనే వస్తుంది. మనుషులకు రక్షణనిచ్చే ఆ క్లోరిన్, చేపల తొట్టెలోని స్పాంజి ఫిల్టరుకు హానికరం.

చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా వెలువడుతుంది. స్పాంజి రంధ్రాలలో స్థిరపడిన నత్రీకరణ బాక్టీరియా దానిని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తాయి. పొలంలో వేసిన యూరియా నుండి ఏర్పడిన అమ్మోనియా కూడా ఇదే మార్గంలో నైట్రేటుగా మారుతుంది. రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నేల నుండి ఈ సూక్ష్మజీవులను వేరుచేశారు. కనుక స్పాంజిని నేలవలె సజీవ మాధ్యమంగా పరిగణించాలి.

తొట్టె పరిమాణానికి తగిన స్పాంజిని, గాలి పంపును ఎంచుకోవాలి. పెద్ద చేపలకు ముతక స్పాంజి, పిల్లచేపలకు సన్న రంధ్రాల స్పాంజి అనుకూలం. సన్ననిది త్వరగా పూడుకుపోతుంది. పంపును నీటి మట్టానికి ఎగువన ఉంచాలి, లేదా గొట్టానికి చెక్ వాల్వు అమర్చాలి. లేనియెడల విద్యుత్తు ఆగినప్పుడు నీరు పంపులోకి వెనుకకు పారవచ్చు.

నీటి ప్రవాహం మందగించినప్పుడు, తొట్టె నుండి తీసిన నీటిలోనే స్పాంజిని మెల్లగా పిండాలి. నల్లా కింద కడిగినచో బాక్టీరియా నశించి, అమ్మోనియా పెరిగి, చేపలు మరణించవచ్చు. రెండు స్పాంజిలున్నచో వారం ఎడంతో ఒక్కొక్కటి శుభ్రపరచాలి. కొత్తది పక్వం కావడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు పాతదానిని తొలగించరాదు. తొట్టెలో కొత్తగా పోసే నల్లా నీటికి క్లోరిన్ నివారిణి కలపాలి.

నత్రజని చక్రాన్ని బోధించే విస్తరణ శాస్త్రవేత్తకు ఇంతకన్నా చౌకైన ప్రదర్శన క్షేత్రం దొరకదు.