పేరులోనే ఉంది పేచీ

తడ: శ్రీసిటీలో పరిశ్రమలు వెలసిన తరువాత లెక్కలు చూసేవారికి, పన్నుల పత్రాలు దాఖలు చేసేవారికి, న్యాయ సలహాదారులకు ఈ ప్రాంతంలో పని ఏర్పడింది. కార్యాలయం తెరిచే ఉత్సాహంలో పేరు సంగతిని బోర్డు రాసే పెయింటరుకు వదిలేసేవారున్నారు. చట్టం మాత్రం అంత తేలిగ్గా వదలదు.

ఇద్దరు ముగ్గురు కలిసి సంస్థ పెడితే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే రిజిస్టరు కాని సంస్థ, ఫీజు ఎగవేసిన ఖాతాదారుపై ఒప్పందం ఆధారంగా దావా వేయబోతే 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఇక 58వ సెక్షన్ ప్రకారం క్రౌన్, ఎంపరర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్, రాయల్ వంటి పదాలు రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక సమ్మతి లేనిదే పేరులో ఉండరాదు. రాజులు పోయి దశాబ్దాలు గడిచినా నిబంధన చెక్కుచెదరలేదు. ప్రభుత్వ ఆమోదం ఉన్నట్లు స్ఫురించే మాటలకూ ఇదే నియమం.

సరిహద్దు ఊరు కావడంతో తడలో మరో చిక్కుంది. భాగస్వామ్య సంస్థల రిజిస్టరు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. కూతవేటు దూరంలోని ఆరంబాక్కంలో అదే పేరుతో తమిళనాడులో నమోదైన సంస్థ ఉన్నా ఇక్కడి రిజిస్టరులో కనిపించదు. నమోదైంది కదా అని నిశ్చింతగా ఉండరాదు. ఒకరి పేరుప్రతిష్ఠలను మరొకరు వాడుకుంటున్నారన్న భ్రమ ఖాతాదారులకు కలిగితే, మోసపుచ్చే ఉద్దేశం లేకపోయినా న్యాయస్థానం ఆ పేరును నిలిపివేయవచ్చు. అహ్మదాబాద్‌కు చెందిన ఒక కలర్ ల్యాబ్ పేరు వివాదంలో 2001లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది.

పరిమిత బాధ్యత భాగస్వామ్యం, అంటే ఎల్ఎల్‌పీ విషయంలో పరిశీలన దేశవ్యాప్తం. 2008 చట్టం ప్రకారం పేరు చివర ఎల్ఎల్‌పీ అని ఉండి తీరాలి. ఖాయమైన పేరును మూడు నెలలు అట్టిపెడతారు. మరొకరి పేరును పోలి ఉందని తేలి, మార్చుకొమ్మన్నా మూడు నెలల్లో మార్చకపోతే కేంద్రమే కొత్త పేరు కేటాయిస్తుంది. ఈ సవరణ 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. సొంత సంస్థకు ఇతరులు పేరు పెట్టడం ఎవరికి రుచిస్తుంది?

చార్టర్డ్ అకౌంటెంట్లకు వారి ఇన్‌స్టిట్యూట్ కౌన్సిల్ ఆమోదం అదనం. అది లేనిదే సంస్థ పేరుతో ప్రాక్టీసు చేయరాదు. అదే పేరు, లేదా దానిని పోలినది దేశంలో ఎక్కడ నమోదై ఉన్నా దరఖాస్తు తిరస్కరిస్తారు. న్యాయవాదుల నిబంధనలు మరింత కఠినం. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం బోర్డు తగుమాత్రం పరిమాణంలోనే ఉండాలి. ఫలానా కేసుల్లో నిపుణులమనీ, ఒకప్పుడు న్యాయమూర్తిగా పనిచేశామనీ దానిపై రాయకూడదు.

తడ 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు నమోదైన భాగస్వామ్య సంస్థలు పేరు మార్చుకోదలిస్తే, ప్రకటనను ఏ రిజిస్ట్రారుకు సమర్పించాలో ముందుగా విచారించుకోవడం మేలు.